రాబడి తగ్గింది, కిస్తీ తగ్గలేదు

అప్పిచ్చినవాళ్లతో కూర్చుని "నెలకు ఇంత కడతాను" అని రాసుకున్న ఏ ఒప్పందమైనా ఒక్క అంకె మీద నిలబడి ఉంటుంది. ఇంటి రాబడిలోంచి ఇంటి ఖర్చు పోగా మిగిలేదే ఆ అంకె. ఉద్యోగం పోయినా, పనిగంటలు తగ్గినా, ఇద్దరి సంపాదనలో ఒకటి ఆగిపోయినా ముందు కరిగిపోయేది అదే. కాగితం మీది కిస్తీ మాత్రం కదలదు. ఆ తేడాను చాలామంది రెండు మూడు నెలలు చేబదుళ్లతోనో, క్రెడిట్ కార్డు గీకో పూడుస్తారు. నాలుగో నెలకు ఒప్పందం ఎలాగూ తప్పుతుంది. పైగా ఆ చేబదుళ్లు కొత్త బాకీలుగా మిగిలిపోతాయి. అందుకే తేడాను పూడ్చే పని పెట్టుకోవద్దు, ఒప్పందాన్నే మార్పించుకోవాలి.

ఎప్పుడు అడగాలన్నది ఎంత అడగాలన్నదానికంటే ముఖ్యం. బ్యాంకుల లెక్కల్లో రెండు గీతలుంటాయి. చాలా దేశాలు పాటించే ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 అనే అంతర్జాతీయ లెక్కల పద్ధతిలో, కిస్తీ గడువు 30 రోజులు దాటితే ఆ అప్పుకు ముప్పు బాగా పెరిగినట్టే భావించడం మామూలు. 90 రోజులు దాటితే, బ్యాంకులకు అంతర్జాతీయంగా పెట్టిన బాసెల్ నిబంధనల ప్రకారం అది ఎగవేత కింద లెక్క. ఒక్కో గీత దాటేకొద్దీ బ్యాంకు ఆ అప్పు కోసం పక్కన పెట్టాల్సిన సొమ్ము పెరుగుతుంది, మీ ఫైలు కూడా మాట్లాడే విభాగం నుంచి వసూలు చేసే విభాగానికి మారుతూ పోతుంది. మొదటి గీత లోపల ఉన్నప్పుడు మీ మాట వినడం వాళ్లకూ లాభమే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇక్కడ ఆ 90 రోజులూ మౌనంగా ఉండటమే. రాబడి తగ్గుతుందని తెలిసిన వారంలోనే, ఇంకా ఒక్క కిస్తీ కూడా తప్పకముందే చెప్పాలి.

చెప్పేముందు లెక్క వేసుకోవాలి. ఇక్కడి అంకెలు ఉదాహరణ కోసమే, ఏ దేశపు డబ్బయినా లెక్క ఇలాగే ఉంటుంది. ఇంటి రాబడి 60,000, ఖర్చు 42,000, కిస్తీ 15,000, చేతిలో మిగిలేది 3,000 అనుకుందాం. రాబడి 48,000కి పడింది. 48,000లోంచి 42,000 తీసేసి, 6,000 కట్టగలనని చెప్పేస్తే పొరపాటే. రాబడి మారినప్పుడు ఖర్చు కూడా మారుతుంది, రెండు వైపులా మారుతుంది. పనికి వెళ్లే ప్రయాణ ఖర్చు తగ్గవచ్చు. యజమాని కట్టే ఆరోగ్య బీమా పోతే అది మీ నెత్తిన పడవచ్చు. రోజంతా ఇంట్లో ఉంటే కరెంటు బిల్లు పెరుగుతుంది. ఖర్చుల పద్దు మొత్తం కొత్తగా రాయాల్సిందే, పాతదాన్ని సవరిస్తే కుదరదు. పాతదాన్ని దిద్దేటప్పుడు చెయ్యి ఎప్పుడూ తగ్గించే వైపే పోతుంది.

గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని రాయండి, జ్ఞాపకం మీద రాయకండి. ఏడాదికోసారి వచ్చే బీమా, ఫీజులు, పన్ను, వాహనం మరమ్మతు అన్నీ కలిపి పన్నెండుతో భాగించి ఆ భాగాన్ని నెల ఖర్చులో చేర్చండి. ఈ పద్దులు చాలావరకు ఓడిపోయేది ఇక్కడే. బట్టలకు సున్నా, మందులకు సున్నా, మరమ్మతులకు సున్నా అని రాసిన పద్దు చూడటానికి పొదుపుగా ఉంటుంది. కానీ అది మూడు నెలలకు మించి నిలవదని రోజూ ఇలాంటి పద్దులు చూసే ఉద్యోగికి తెలుసు. మంచితనం కోసం ఖర్చులు దాచడం కూడా ఒక రకం అబద్ధమే, దాన్ని మీరే నెలనెలా మోయాలి. చివరన వచ్చిన మిగులులో పదో వంతు చేతిలో ఉంచుకుని, మిగతాదే కిస్తీగా చెప్పండి.

అసలు విషయం వడ్డీలో ఉంది. కిస్తీ తగ్గించమని అడగడం సగం అడగడమే. మొత్తం బాకీ 5,00,000, వడ్డీ ఏడాదికి 12 శాతం, అంటే నెలకు 1 శాతం అనుకోండి. నెలకు 15,000 కడితే 41 నెలల్లో తీరుతుంది. కొత్త పద్దు రాశాక కట్టగలిగేది 6,000గా తేలిందనుకుందాం. కిస్తీని 6,000కి తగ్గిస్తే మొదటి నెల వడ్డీకే 5,000 పోతుంది, అసలులో తరిగేది వెయ్యి మాత్రమే. ఆ లెక్కన తీరడానికి సుమారు 180 నెలలు, అంటే పదిహేనేళ్లు పడుతుంది. చివరికి కట్టేది దాదాపు 10,80,000. అదే వడ్డీ ఏడాదికి 24 శాతమైతే మొదటి నెల వడ్డీయే 10,000. మీరు 6,000 కట్టినా బాకీ 4,000 పెరుగుతుంది. అంటే ఒక్క నెల కూడా తప్పకుండా కడుతూనే మునుగుతారన్నమాట. వడ్డీ ఆపేస్తే అదే 6,000తో 84 నెలల్లో పూర్తవుతుంది. కాబట్టి అప్పిచ్చినవాళ్లకు రాసే ఉత్తరంలో మొదటి కోరిక వడ్డీ, ఆలస్య రుసుము ఆపమని ఉండాలి. రెండోదిగా కిస్తీ తగ్గించమని రాయాలి. వడ్డీ పూర్తిగా ఆపనంటే ఆరు నెలలకైనా ఆపమనండి, లేదా మీరు కట్టే సొమ్ములో కనీసం సగం అసలుకు చేరేంత రేటుకు తగ్గించమనండి.

కొన్ని నెలలు విరామం ఇస్తామంటే అది వడ్డీ కూడా ఆగే విరామమా, వడ్డీ పెరుగుతూ కిస్తీ మాత్రమే వెనక్కి జరిగేదా అని అడగండి. ఆ నెలల వడ్డీని అసలులో కలిపే పద్ధతైతే, పై బాకీ మీద 12 శాతం రేటుకు మూడు నెలల విరామం ఖరీదు 15,000 పైచిలుకు. అంటే ఒక పాత కిస్తీ అంత. తిండికే ఇబ్బంది అయిన నెలల్లో ఆ ఖరీదు పెట్టుకోవచ్చు. ఎప్పుడు మళ్లీ రాబడి వస్తుందో తెలియనప్పుడు మాత్రం విరామం కంటే చిన్న కిస్తీయే మేలు.

ఒకరికంటే ఎక్కువమందికి బాకీ ఉంటే తగ్గిన సొమ్మును బాకీల నిష్పత్తిలో పంచాలి. 3,00,000, 1,50,000, 50,000 చొప్పున ముగ్గురుంటే, 6,000లో వాళ్ల వాటాలు 3,600, 1,800, 600. గట్టిగా అరిచినవాడికి ఎక్కువ, మర్యాదగా ఉన్నవాడికి తక్కువ అన్నట్టు పంచితే మర్యాదస్తుడు కూడా అరవడం నేర్చుకుంటాడు. అందరికీ ఒకే పట్టిక పంపితే, తనకు తక్కువ వచ్చిందని ఎవరైనా అడిగినా ఆ పట్టికే జవాబు చెబుతుంది. బంధువులకు, స్నేహితులకు ఇవ్వాల్సింది కూడా ఆ పట్టికలో ఉండాలి. దాన్ని దాచి విడిగా కడితే పద్దులో ఎక్కడో ఆ సొమ్ము కనబడకుండా పోతుంది, తర్వాత దివాలా లాంటి చట్టపరమైన దారి పట్టాల్సి వస్తే సొంతవాళ్లకు ముందుగా కట్టిన డబ్బు మీద ప్రశ్నలు రావచ్చు.

ఈ పంపకంలోకి రానివి కొన్ని ఉన్నాయి. అద్దె, కరెంటు, నీళ్లు, మందులు, పన్నులు, కోర్టు కట్టమన్న సొమ్ము, ఇల్లో బండో తాకట్టులో ఉన్న అప్పు. ఇవి ముందు తీసిపెట్టాకే మిగతావాళ్ల మధ్య పంపకం. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేది తాకట్టు లేని అప్పులవాళ్లయినా, కట్టకపోతే ఇల్లు పోయేది తాకట్టు అప్పుతోనే. హామీ సంతకం పెట్టినవారు ఉంటే, మీరు కిస్తీ తగ్గించుకున్న సంగతి వాళ్లకు మీ నోటితోనే ముందు తెలియాలి. మీకు ఇచ్చిన సడలింపు హామీదారుకు వర్తిస్తుందో లేదో ఒప్పందంలో రాసి ఉంటేనే నమ్మాలి. రాసి లేకపోతే తగ్గిన మేర వాళ్లను అడిగే హక్కు అవతలివాళ్లకు ఉండవచ్చు.

ఉత్తరం ఒక పేజీ దాటనక్కర్లేదు. ఖాతా సంఖ్య, ఇప్పుడున్న ఒప్పందం తేదీ, రాబడి తగ్గిన తేదీ, ముందెంత, ఇప్పుడెంత, కొత్త పద్దు, మీరు కట్టగలిగేది, ఏ తేదీ నుంచి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్న మాట. దానికి జీతం కాగితం నకలో, పనిలోంచి తీసేసిన ఉత్తరం నకలో జతచేయండి. అసలు కాగితాలు ఇవ్వకండి. కష్టాల వర్ణన రెండు వాక్యాలు చాలు, చదివేవాడికి కావలసింది అంకెలు. జవాబు రాతలో కావాలని అడగండి. ఆ జవాబు వచ్చేలోపు కూడా మీరు చెప్పిన తగ్గిన సొమ్మును చెప్పిన తేదీకి కట్టేయండి. ఒప్పుకోకముందే రెండు నెలలు క్రమంగా చేరిన సొమ్ము ఉత్తరంకంటే బాగా వాదిస్తుంది. అయితే కోర్టు ద్వారానో, నియమించిన అధికారి ద్వారానో కుదిరిన ఒప్పందమైతే ఇలా సొంతంగా తగ్గించి కట్టకూడదు. దాన్ని మార్చాలంటే వాళ్ల అనుమతి కావాలి, అడక్కుండా తగ్గిస్తే అది తప్పిన కిందే లెక్క. ఎన్ని కిస్తీలు తప్పితే ఒప్పందం రద్దవుతుందో, రద్దయితే మాఫీ చేసిన వడ్డీ తిరిగి వచ్చి పడుతుందో లేదో తెలిపే షరతు పాత కాగితంలోనే ఉంటుంది. దాన్ని ఫోన్ చేయకముందే వెతికి చదవండి.

బ్యాంకు ఖాతా వైపు రెండు ఉచ్చులు. ఆటో డెబిట్‌ను పాత మొత్తానికే వదిలేస్తే, సొమ్ము చాలక చెల్లింపు తిరిగిపోయి మీ బ్యాంకు ఒక రుసుము, అప్పిచ్చినవాళ్లు ఇంకో రుసుము వేస్తారు. ఆటో డెబిట్ రద్దు కోరికకు కొన్ని పనిదినాలు పట్టేది సహజం కాబట్టి గడువు ముందురోజు పెట్టి లాభం లేదు. రెండోది, జీతం పడే ఖాతా, బాకీ ఉన్న బ్యాంకు ఒక్కటే కావడం. చాలాచోట్ల బ్యాంకు తనకు రావలసినదాన్ని అదే ఖాతాలోంచి సర్దుకునే హక్కును ఖాతా షరతుల్లోనే రాసుకుని ఉంటుంది. బాకీ లేని మరో బ్యాంకులో ఖాతా తెరిచి జీతం అటు మార్పించుకుంటే, ఇంటి అద్దె సొమ్ము తెల్లారేసరికి మాయమయ్యే భయం ఉండదు. కిస్తీ తేదీని కూడా జీతం పడిన రెండు మూడు రోజులకు మార్పించుకోండి. వారానికోసారి కూలి వచ్చేవాళ్లు వారానికోసారి కట్టేలా అడగడంలో తప్పులేదు.

ఫోన్లో "శుక్రవారం వేస్తాను" అని ఊరికే అనకండి. ఆ మాటను వాళ్ల కంప్యూటర్లో తేదీతో సహా చెల్లింపు హామీగా నమోదు చేసుకుంటారు. హామీలు తప్పుతూ పోతే ఫైలు గట్టి వసూళ్ల వైపు వెళుతుంది. "రాతలో పంపాను, దాని మీద జవాబు రాతలోనే ఇవ్వండి" అన్నది ఎన్నిసార్లయినా చెప్పవచ్చు. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏమన్నారో ఒక నోటుబుక్కులో రాస్తూ ఉండండి. బెదిరింపు జరిగితే ఫిర్యాదుకు అదే ఆధారం.

రాబడి నెలకో రకంగా ఉండేవాళ్లకు సగటు మీద కిస్తీ కట్టుకోవడం ప్రమాదం. గత ఆరు నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను పట్టుకుని కనీస కిస్తీ చెప్పాలి, ఎక్కువ వచ్చిన నెల అదనంగా వేయాలి. ఉద్యోగం పోయినప్పుడు చేతికొచ్చే పరిహారం మొత్తం అప్పుల్లో పోయాలన్న తొందర కూడా తరచుగా చూస్తాం. కొత్త పని దొరకడానికి పట్టే నెలలెన్నో ఎవరూ చెప్పలేరు. ఆ సొమ్మును కనీసం ఆరు భాగాలు చేసి నెలకో భాగం రాబడిగా చూపడమే సబబు. అప్పిచ్చినవాళ్లకు కూడా అదే పద్దు చూపండి, దాచకండి. మొత్తంగా కొంత తీసుకుని మాఫీ చేస్తామంటే, మిగతా బాకీ పూర్తిగా ముగిసిందని స్పష్టంగా రాసిన కాగితం చేతికి వచ్చాకే డబ్బు కదలాలి. "అంతా మేం సెటిల్ చేయిస్తాం" అంటూ ముందే ఫీజు అడిగే మధ్యవర్తికి ఇచ్చే ఆ ఫీజు మీ కిస్తీల్లోంచి పోయే సొమ్మే.

ఇంకో సంగతి. ఎన్నో ఏళ్లుగా ఎవరూ అడగని పాత బాకీ ఈ పట్టికలో ఉంటే, దానికి ఒక్క రూపాయి కట్టేముందు న్యాయ సలహా తీసుకోండి. చాలా దేశాల్లో కొంత సొమ్ము కట్టినా, బాకీ ఉందని రాసిచ్చినా, ఆ బాకీ కోసం దావా వేయడానికి చట్టం పెట్టిన కాలపరిమితి మళ్లీ మొదటి నుంచి లెక్కకు రావచ్చు.

మూడు నెలలకు సమీక్ష తేదీ వచ్చినప్పుడు వాళ్లు ఫోన్ చేసేదాకా ఆగవద్దు. పద్దు మళ్లీ రాసి మీరే పంపండి. రాబడి కొంచెం పెరిగితే పెరిగినదంతా కిస్తీలోకి తోయకుండా సగం అటు, సగం ఒక నెల ఖర్చంత సొమ్ము పోగయ్యేదాకా ఇటు ఉంచండి. సమీక్షలో వాళ్లు తరచు అడిగేది ఆ మిగులు సొమ్ము గురించే. దానికి జవాబుగా వాహనం మరమ్మతు, ఏడాది బీమా కట్టాల్సిన తేదీలు పద్దులో ముందే రాసి ఉండాలి.