అమ్మ కోలాటం, బాక్సు వెనకాల హార్డ్ డిస్కు

మొన్న ఆదివారం మా చిన్నాన్న ఫోన్ చేసి, "ఒరే, మా కొత్త సెట్‌టాప్ బాక్సులో టీవీ రికార్డింగ్ ఉందంట, దానికి హార్డ్ డిస్కు మనమే తగిలించుకోవాలంట, ఏది కొనమంటావు?" అని అడిగారు. చెప్పడం మొదలుపెడితే ముప్పావు గంట పట్టింది. ఆఫీసులో కూడా ఇద్దరు ఇదే అడిగారు కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను. నాకు జరిగిన నష్టం ఒకటి ఇందులో ఉంది. అది ఇంకొకరింట్లో జరగకూడదనే ఇంత వివరంగా రాయడం.

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. ఇంట్లో టీవీ అంటే అమ్మదే. మధ్యాహ్నం పన్నెండింటికి ఎస్వీబీసీలో శ్రీవారి కళ్యాణోత్సవం వస్తుంది, సరిగ్గా అదే టైముకి మా పాపని స్కూలు నుంచి తీసుకురావాలి. నేనూ మా ఆవిడా ఉద్యోగాలకి పోతాం, కాబట్టి ఆ పని అమ్మదే. వచ్చేసరికి మాంగల్యధారణ అయిపోయి ఉండేది. ఆవిడ నోరు తెరిచి అడగలేదు గానీ, గేటు తీసి చెప్పులు విడుస్తూనే రిమోట్ కోసం వెతుక్కోవడం నేను ఒక సెలవు రోజు చూశాను. ఆ సాయంత్రమే బాక్సు వెనక్కి తిప్పి చూస్తే యూఎస్‌బీ పోర్టు ఉంది. కంపెనీకి ఫోన్ చేసి మా మోడల్‌కి రికార్డింగ్ సదుపాయం ఉందో లేదో కనుక్కున్నాను. మీరు కూడా డిస్కు కొనక ముందే ఈ ఫోన్ చేయండి, ఎందుకంటే పోర్టు ఉన్నంత మాత్రాన రికార్డింగ్ ఉన్నట్టు కాదు, కొన్ని బాక్సుల్లో అది ఫొటోలు చూసుకోవడానికో, సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికో మాత్రమే ఉంటుంది.

మొదట ఇంట్లో ఉన్న 32 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టాను. రెండు మూడు రోజుల్లో నిండిపోయింది. లెక్క చూసుకుంటే నిండక ఏమవుతుంది? హెచ్‌డీ ఛానెల్ సుమారు సెకనుకి 8 మెగాబిట్లు, అంటే ఒక మెగాబైట్ అనుకుంటే గంటకి 3.6 జీబీ, అంటే 32 జీబీలో తొమ్మిది గంటలు కూడా పట్టదు. మామూలు ఎస్‌డీ ఛానెల్ 2 మెగాబిట్లు అనుకుంటే గంటకి 0.9 జీబీ. ఈ లెక్కన ఒక టెరాబైట్ డిస్కులో హెచ్‌డీ 270 గంటల పైన, ఎస్‌డీ వెయ్యి గంటల పైన పడుతుంది. ఇల్లు మొత్తానికి అది చాలు. పైగా పెన్‌డ్రైవ్‌కి ఈ పని పడదు. లైవ్‌ని మధ్యలో ఆపి చూసే సదుపాయం ఆన్ చేసి ఉంటే, మనం ఏమీ రికార్డు చేయకపోయినా బాక్సు ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది, చవక పెన్‌డ్రైవ్ ఆ రాతకి తొందరగా అరిగిపోతుంది. ఇక ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగేదేమీ లేకుండా చిప్పులతో పనిచేసే వేగమైన డిస్కు, కొనాలా అని చిన్నాన్న అడిగారు. స్పీడు కోసమైతే అక్కర్లేదు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద 480 మెగాబిట్లు, మనకి కావల్సింది ఎనిమిదో పదో. డబ్బులు దండగ.

అసలు తిప్పలు కరెంటు దగ్గర వచ్చాయి. మా పాత లాప్‌టాప్ పోయినప్పుడు అందులోంచి తీసిన 500 జీబీ డిస్కు, బయటి కేసులో పెట్టింది, నా దగ్గర ఉంది. దాన్ని బాక్సుకి తగిలించాను. నీలం లైటు వెలిగింది, లోపల చక్రం తిరుగుతున్న సన్నటి హోరు వినబడింది, ఆ హోరు పెరిగీ పెరిగీ ఒక చోట 'టిక్' అని తెగిపోయి మళ్ళీ మొదటి నుంచి. లైటు వెలగడం, హోరు, టిక్. టీవీ మీద మాత్రం "స్టోరేజ్ పరికరం లేదు" అనే వస్తోంది. ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ షాపుకి తీసుకెళ్తే, అతను చెవి దగ్గర పెట్టుకుని విని, డిస్కు పోయింది సార్, కొత్తది తీసుకోండి అన్నాడు. నమ్మి ఒక టెరాబైట్ కొత్త పోర్టబుల్ డిస్కు కొన్నాను. ఇంటికొచ్చి పెడితే అదీ టిక్ టిక్.

రెండు డిస్కులూ ఆఫీసు కంప్యూటర్లో సుబ్బరంగా పనిచేశాయి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సిన కరెంటు 500 మిల్లీయాంపులు మాత్రమే. లోపల పళ్ళెం తిరిగే రకం డిస్కు, తిరగడం మొదలుపెట్టే ఆ రెండు మూడు సెకన్లలో అంతకంటే ఎక్కువ లాగుతుంది, అది అందక మళ్ళీ మళ్ళీ మొదలవుతోంది. మందు చాలా సులువు: సొంత అడాప్టరు ఉన్న యూఎస్‌బీ హబ్బు, అంటే గోడ నుంచి కరెంటు తీసుకుని డిస్కుకి ఇచ్చే చిన్న పెట్టె, మధ్యలో పెట్టాను, ఆ క్షణం నుంచి టిక్ మాట లేదు. కొత్తగా కొనేవాళ్ళు అయితే సొంత అడాప్టరుతో వచ్చే పెద్ద 3.5 అంగుళాల డిస్కు తీసుకోవచ్చు, హబ్బు గొడవ ఉండదు. మంచి డిస్కుని పోయిందని చెప్పి నా చేత ఇంకోటి కొనిపించారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, కనీసం వేరే కంప్యూటర్లో పెట్టి చూడాల్సింది కదా ఆయన.

ఇంకొక మాట, మనలా సముద్రం గాలి తగిలే ఇళ్ళవాళ్ళకి. పోర్టు లోపల ఇత్తడి రంగు పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. లాసన్స్ బే కాలనీలో మా ఫ్రెండు ఇంట్లో డిస్కు ఉండుండి మాయమైపోయేది, కారణం అదే. బాక్సుని కిటికీకి దూరంగా పెట్టండి, కేబులు ఆరునెలలకోసారి తీసి పొడిగుడ్డతో తుడిచి పెట్టండి.

డిస్కు గుర్తుపట్టగానే బాక్సు అడిగే మొదటి ప్రశ్న: ఫార్మాట్ చేయాలా? ఇక్కడ రిమోట్ మీద వేలు పెట్టే ముందు ఆగండి. సరే అన్నారా, అందులో ఉన్నవన్నీ పోతాయి. నా పాత డిస్కులో 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ తుఫాను తర్వాత మా వీధిలో తీసిన ఫొటోలున్నాయి, చెట్లన్నీ వేళ్ళతో సహా పడిపోయి మా గేటుకి అడ్డంగా ఉన్నవి. వాటిని ముందే వేరే చోట దాచాను కాబట్టి సరిపోయింది. అలాగే, బాక్సు ఒకసారి ఫార్మాట్ చేసిన డిస్కుని కంప్యూటర్లో పెడితే, విండోస్‌కి ఆ భాష తెలియదు కాబట్టి అదీ ఫార్మాట్ చేయమంటుంది. వద్దు అని నొక్కి బయటికి తీసేయండి.

రోజువారీ వాడకంలో మా ఇంట్లో పెద్ద సమస్య స్విచ్చు బోర్డు. రాత్రి పడుకునే ముందు అన్ని స్విచ్చులూ ఆపేయడం అమ్మకి అలవాటు. టైము పెట్టిన రికార్డింగ్ జరగాలంటే బాక్సు నిద్రలో ఉండొచ్చు గానీ గోడ దగ్గర కరెంటు ఉండాలి, డిస్కు అడాప్టరుకీ ఉండాలి. ఆ రెండు స్విచ్చుల మీద పాప చేత ఎర్ర బొట్టుబిళ్ళలు అంటించాం. బొట్టుబిళ్ళ ఉన్నది ఆపకూడదు, అంతే. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు బాక్సు, హబ్బు లేదా డిస్కు అడాప్టరు అన్నీ ఇన్వర్టర్ లైన్ మీదే పెట్టుకోండి, రాస్తుండగా డిస్కుకి కరెంటు పోతే ఆ ఒక్క రికార్డింగే కాదు, ఒక్కోసారి పాతవి కూడా చెడిపోతాయి. ఇక వాన. డిష్ పట్టే కేయూ బ్యాండ్ తరంగాలు జోరువానలో నీరసిస్తాయి, తెర మీద సిగ్నల్ లేదు అని వచ్చినంతసేపూ రికార్డింగ్‌లో కూడా ఖాళీయే. దానికి డిస్కు ఏమీ చేయలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

2023లో అధిక మాసం వచ్చింది కాబట్టి తిరుమలలో రెండు బ్రహ్మోత్సవాలు జరిగాయి. రెండోది, అక్టోబర్‌లో జరిగిన నవరాత్రి బ్రహ్మోత్సవాలకి అమ్మ వాళ్ళ కోలాటం బృందానికి అవకాశం వచ్చింది. పద్దెనిమిది మంది, అందరూ యాభై దాటినవాళ్ళు, రెండు నెలలు రోజూ సాయంత్రం గుడి వెనక ఖాళీ స్థలంలో సాధన చేశారు. చిన్నశేష వాహనం ముందు, మాడవీధిలో, ఆకుపచ్చ చీర ఎర్రంచుతో ఆడుతుంటే లైవ్‌లో కెమెరా వీళ్ళ మీద ముప్పై నలభై సెకన్లు నిలిచింది. నేనూ పాపా ఇంట్లో చూస్తున్నాం. అమ్మ తిరిగినప్పుడు కర్ర పైకి లేచి ముఖం ఒక్కసారి తెర నిండా వచ్చింది, ఆయాసపడుతూ నవ్వుతోంది. పాప లేచి టీవీని ముద్దుపెట్టుకుంది. అదంతా మన డిస్కులో ఉందిలే, ఎప్పుడైనా చూసుకోవచ్చులే అనుకున్నాను. అమ్మ తిరుమల నుంచి వచ్చాక వాళ్ళ బృందం మొత్తం మా హాల్లో కూర్చుని అయిదారు సార్లు చూశారు.

2024 మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలితో వాన, దగ్గర్లోనే పిడుగు. టీవీ బతికింది, బాక్సు పోయింది. మూడు రోజులకి కంపెనీ మనిషి వచ్చి బాక్సు మార్చి వెళ్ళాడు. డిస్కు చెక్కుచెదరలేదు. కొత్త బాక్సుకి తగిలిస్తే తెర మీద మళ్ళీ అదే ప్రశ్న: ఫార్మాట్ చేయాలా?

"ఏట్రా, లోపల ఉన్నాయి కదా, చూపించదేటి?" అని అమ్మ అడిగింది.

లోపల ఉన్నాయి, కానీ తాళం వేసి ఉన్నాయి. కంపెనీలు ఇచ్చే ఇలాంటి బాక్సు తను రికార్డు చేసినదాన్ని తన చిప్‌లో ఉన్న తాళంచెవితో గుప్తలిపిలోకి మార్చి రాస్తుంది. ఆ చెవి బాక్సు దాటి బయటికి రాదు. బాక్సు పోతే చెవి పోయినట్టే. అదే కంపెనీ, అదే మోడల్, అదే కనెక్షన్ అయినా కొత్త బాక్సు చెవి వేరు. డబ్బులు కట్టే ఛానెళ్ళ సినిమాలు కాపీ కాకూడదని పెట్టిన తాళం అది, దాని వెనక ఉన్న కారణం నాకు అర్థమవుతుంది. కానీ ఉచితంగా వచ్చే భక్తి ఛానెల్‌కి కూడా అదే తాళం పడుతుంది. మా చిన్నప్పుడు వీసీఆర్ కాసెట్ మూడు గంటలే పట్టేది, బొమ్మ గీతలు గీతలుగా వచ్చేది, అయినా పక్కింటికి పట్టుకెళ్తే అక్కడ కూడా ఆడేది. కస్టమర్ కేర్‌కి నాలుగు సార్లు చేశాను. నాలుగు సార్లూ మర్యాదగానే చెప్పారు, కుదరదని.

కాబట్టి చిన్నాన్నకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. సీరియళ్ళకి, క్రికెట్‌కి, రోజూ వచ్చే పూజలకి ఈ డిస్కు చాలా బాగుంటుంది, నిశ్చింతగా పెట్టుకోండి. మళ్ళీ దొరకనిది ఏదైనా అందులో పడితే మాత్రం, మీవాళ్ళెవరైనా టీవీలో కనబడితే, బాక్సు బాగున్నప్పుడే, అదే రోజు, గదిలో లైట్లు ఆపి, ఫోన్‌ని స్టూలు మీద కదలకుండా పెట్టి తెరని వీడియో తీసుకోండి. బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ తీగతో లాప్‌టాప్‌లోకి ఎక్కిద్దామని నేను కూడా ఆలోచించాను, అక్కడ హెచ్‌డీసీపీ అని ఇంకో తాళం ఉంది, చాలాసార్లు నల్లటి తెరే వస్తుంది. ఫోనే నయం. ఆ వీడియో రెండు చోట్ల దాచండి. అలాగే బాక్సుకి, టీవీకి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించి, ఇంటి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. మబ్బు కమ్మినప్పుడే, ఉరుములు మొదలవక ముందే ప్లగ్గులు పీకేయండి, డిష్ నుంచి వచ్చే తీగ కూడా. మా ఇంట్లో ఇప్పుడు మబ్బు కమ్మితే బొట్టుబిళ్ళ నియమం చెల్లదు.

కోలాటం ఉన్న ఆ ఒక టెరాబైట్ డిస్కుని ఫార్మాట్ చేయడానికి నాకు మనసొప్పలేదు. బీరువాలో అమ్మ చీరల కింద ఉంది. కొత్త బాక్సుకి, పాడైందని పక్కన పడేసిన ఆ 500 జీబీ డిస్కునే తగిలించాను, కళ్యాణోత్సవం అందులోనే రికార్డవుతోంది.

పోయిన నెల అమ్మ బృందంలోని ఒక పిన్ని వాళ్ళబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడు ఒక వీడియో పంపాడు. ఆ రోజు మా హాల్లో అందరూ కూర్చుని చూస్తున్నప్పుడు ఆ పిన్ని ఫోన్‌లో తీసిందట, ఆవిడకే గుర్తులేదు. ఇరవై రెండు సెకన్లు. కాస్త వంకరగా ఉంది, ఫ్యాను చప్పుడు పాట మీద పడింది, కింద ఎవరిదో జడ అడ్డొచ్చింది. అమ్మ ముఖం తెర నిండా వచ్చిన చోట హాల్లో అందరూ ఒక్కసారి "అదిగో!" అన్నది కూడా అందులో ఉంది. దాన్ని ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో వేసి, బాక్సుకి కాకుండా నేరుగా టీవీకే ఉన్న యూఎస్‌బీ పోర్టుకి పెట్టాను. మామూలు ఎంపీ4 ఫైలు, తాళం లేదు, చాలా టీవీల్లో ఆడుతుంది. రిమోట్‌లో ఏ బటన్ నొక్కాలో పాప వాళ్ళ నాన్నమ్మకి నేర్పింది.