మాత్రలో పావుపాలు డైమిథైల్ అమీన్‌దే

మా అమ్మ రాత్రి భోజనంతో వేసుకునే 500 మిల్లీగ్రాముల మధుమేహం మందు మెట్‌ఫార్మిన్ మాత్రలో దాదాపు 136 మిల్లీగ్రాములు డైమిథైల్ అమీన్ నుంచి వచ్చినవే. విడిగా చూస్తే అది 7 డిగ్రీల సెల్సియస్ వద్దే మరిగే, చేపల వాసన కొట్టే, సులువుగా మంటలంటుకునే పదార్థం. అందుకే దానిని నీటిలో కలిపి 40 శాతం ద్రావణంగా కూడా అమ్ముతారు.

మిథనాల్, అమ్మోనియా ఆవిరులను సుమారు 400 డిగ్రీల వేడిలో అల్యూమినా, సిలికా ఉత్ప్రేరకం మీదుగా పంపితే మోనో, డై, ట్రై మిథైల్ అమీన్‌లు మూడూ కలిసే తయారవుతాయి. వాటిని స్వేదనంతో వేరుచేసి, గిరాకీ లేనిదానిని మళ్లీ రియాక్టర్‌లోకే పంపుతారు.

డైమిథైల్ అమీన్ విలువంతా, అమ్మోనియాలోని మూడు హైడ్రోజన్‌లలో రెండింటి చోట మిథైల్ సమూహాలు చేరగా దాని నైట్రోజన్ మీద మిగిలిన ఒకే ఒక్క హైడ్రోజన్‌లో ఉంది. అక్కడ కార్బన్ మోనాక్సైడ్ చేరితే మందుల పరిశ్రమకు ఎంతో అవసరమైన ద్రావణి డీఎంఎఫ్ వస్తుంది. కార్బన్ డైసల్ఫైడ్‌తో మొదలుపెడితే మన రైతులు విత్తనశుద్ధికి వాడే థైరమ్ వస్తుంది, రబ్బరును గట్టిపరచడానికి తోడ్పడేదీ అదే. అన్నిటిలోకి నాకు ముచ్చటగా తోచేది మెట్‌ఫార్మిన్. డైమిథైల్ అమీన్ హైడ్రోక్లోరైడ్‌ను డైసయాన్‌డైఅమైడ్ అనే మరో రసాయనంతో కలిపి వేడిచేస్తే, ఒక్క పరమాణువూ వృథా కాకుండా రెండూ కలిసిపోయి మందు తయారవుతుంది. 1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ మొదట తయారుచేసిన ఈ పదార్థాన్ని నేడు హైదరాబాద్ చుట్టుపక్కల కర్మాగారాలు పెద్ద ఎత్తున ఉత్పత్తి చేస్తున్నాయి.

అయితే ఆ హైడ్రోజన్ స్థానంలోనే నైట్రైట్ నుంచి వచ్చే నైట్రోసో సమూహం చేరితే, క్యాన్సర్ కారకంగా అనుమానించే ఎన్‌డీఎంఏ ఏర్పడుతుంది. 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో బయటపడింది ఇదే: ద్రావణిగా వాడిన డీఎంఎఫ్ నుంచి కొద్దిగా విడివడిన డైమిథైల్ అమీన్, అదే ప్రక్రియలో వాడిన నైట్రైట్‌తో కలిసింది. 2020లో అమెరికాలో కొన్ని మెట్‌ఫార్మిన్ మాత్రలను కూడా ఇదే కారణంగా వెనక్కి రప్పించారు. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రోజుకు అనుమతించే ఎన్‌డీఎంఏ 96 నానోగ్రాములు. అంటే, మా అమ్మ మాత్రలో మందుగా మారిన ఆ 136 మిల్లీగ్రాములలో సుమారు పద్నాలుగు లక్షలలో ఒక వంతు.