ఏడింటికి పొద్దుగూకే దేశంలో జైనులు

సింగపూర్‌లో ఏడాది పొడవునా సూర్యుడు ఏడు గంటల ప్రాంతంలోనే అస్తమిస్తాడు. భూమధ్యరేఖకు దగ్గరి దేశం కనుక ఏ నెలలోనైనా కొద్ది నిమిషాలే తేడా. మా ఆఫీసులో ఈ లెక్క అందరికన్నా బాగా తెలిసింది నా పక్క సీటులోని గుజరాతీ జైన సహోద్యోగినికి. చీకటి పడ్డాక ఆవిడ ఏమీ తినరు. జైనుల ఉపవాస పర్వమైన పర్యుషణ రోజుల్లో అయితే నీళ్లు కూడా ముట్టరు.

ఆరు దాటగానే స్టీలు డబ్బా తెరుస్తారు. మెంతికూర థేప్లాలు (గుజరాతీ రొట్టెలు), పెసరపప్పు, ఒక పచ్చిమిరపకాయ. జైనులు దుంపలు తినరు కనుక ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, క్యారెట్ ఏవీ ఉండవు. ఇక్కడి చైనీస్ బౌద్ధ శాకాహార దుకాణాల్లో ఉల్లి, వెల్లుల్లి వాడరు కాబట్టి సగం చిక్కు తీరుతుంది. కానీ ఆవిడ తినని పుట్టగొడుగులు, ముల్లంగి వచ్చి పడతాయి. అందుకే ఇంటి డబ్బానే శరణ్యం. ఆ సమయానికి మీటింగు పెట్టవద్దని మా చైనీస్ మేనేజరే అందరికీ చెప్పారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అప్పుడే.

జలాన్ యాసిన్ వీధిలో సింగపూర్ జైన్ రిలిజియస్ సొసైటీ భవనం ఉంది. శ్వేతాంబరులు, దిగంబరులు అందరికీ అదే చోటు. శ్వేతాంబరుల పర్యుషణ ఎనిమిది రోజులు, ఆ తర్వాత దిగంబరుల దశలక్షణ పర్వం పది రోజులు. వీటికి ప్రభుత్వ సెలవు లేదు. పగలంతా ఉద్యోగం చేసి, ఉపవాసంతోనే సాయంత్రం ప్రతిక్రమణకు, అంటే చేసిన తప్పులు తలచుకుని పశ్చాత్తాపపడే ప్రార్థనకు, వెళతారు. మరిగించి చల్లార్చిన నీళ్లు మాత్రమే తాగుతూ ఆవిడ ఎప్పటిలాగే పని పూర్తి చేయడం కళ్లారా చూశాను. అది మామూలు నిష్ఠ కాదు.

జైన సాధువులు కాలినడకనే తిరుగుతారు కాబట్టి సముద్రం దాటి రారు. విమానం ఎక్కే వెసులుబాటు ఉన్నది శ్వేతాంబర తేరాపంథ్ గురువు ఆచార్య తులసి 1980లో ఏర్పరచిన సమణ శ్రేణి అనే సన్యాసి వర్గం వంటి కొద్దిమందికే. కాబట్టి ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడ ధర్మాన్ని నిలబెట్టే భారమంతా ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునే గృహస్థులదే. సంఖ్యలో చాలా చిన్న సమాజం. అయినా 1949లో మొదలైన ఇక్కడి సర్వమత సంస్థలో నేడున్న పది మతాల్లో జైనం ఒకటి. మంది ఎందరని చూడకుండా ఇచ్చిన ఆ చోటు నాకు చాలా నచ్చింది.

"మీ వైపు జైనులు ఉన్నారా?" అని ఆవిడ ఒకసారి అడిగారు. తెలంగాణలోని జైన క్షేత్రం కొలనుపాక పేరెత్తగానే "కుల్పాక్‌జీ!" అన్నారు. వాళ్ల అమ్మగారు యాత్రకు వెళ్లివచ్చారట. మా కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట సంగతి మాత్రం వాళ్లకు తెలియదు. పదో శతాబ్దంలో కన్నడ ఆదికవి పంపకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడి బండ మీద తెలుగు కంద పద్యాలు చెక్కించాడని, మనకు దొరికిన తొలి కందాల్లో అవి ఉన్నాయని చెప్పాను. ఈసారి సెలవుల్లో వాళ్ల కుటుంబం కొలనుపాక వస్తోంది. గుట్టకు నేనే తీసుకువెళతానన్నాను. ఎండ ఎక్కకముందే బయలుదేరాలని, డబ్బాలు మాత్రం తామే తెస్తామని ఆవిడ అన్నారు.