పోయినేటి కాలువ మీద ఈ ఏటి బోదె

ఆఫ్రికా దేశం మలావీలో, లింబే ఊరి స్టాండులో మినీబస్సు నిండేదాకా కదలదు. రెండు గంటలు ఎండలో కూర్చోబెట్టి, నా బ్యాగు సీటు ఆక్రమించిందంటూ దానికీ టికెట్టు డబ్బులు తీసుకున్నారు. ఆ చిరాకులో ఉండగానే నమాడ్జి అనే ఊరు దాటాక టైరు పోయింది. స్టెప్నీ లేదు. నేను వెళ్ళాల్సిన జోంబా ఊరు ఇంకా చాలా దూరం.

అక్టోబరు చివరి వారం. మలావీలో తొలకరికి ఇంకో మూడు వారాలైనా పడుతుంది. రోడ్డు పక్క చేలో ఒకావిడ నడుం పూర్తిగా వంచి పారతో మట్టి లాగుతోంది. పారను వాళ్ళు ఖాసు అంటారు. బస్సులో నా పక్కన కూర్చున్న స్కూలు టీచరు "అమాయీ" అని పలకరించాడు. అమాయీ అంటే అమ్మే. నాకది వినడానికి ఎంత హాయిగా అనిపించిందో!

చేనంతా బోదెలే, అంటే మట్టి ఎగదోసి కట్టిన గట్ల వరసలు. ఎద్దుల్లేవు, నాగలి లేదు. ముందుగా పోయినేటి మొక్కజొన్న చొప్పను రెండు బోదెల మధ్య కాలువలోకి లాగుతుంది. తర్వాత ఈ పక్క బోదెలో సగం, ఆ పక్క బోదెలో సగం మట్టి దాని మీదికి దోస్తుంది. నిన్నటి కాలువ ఇవాళ బోదె అవుతుంది. చొప్ప లోపల కుళ్ళి వేళ్ళకు బలమిస్తుంది. చాలామంది ఆ చొప్ప తగలబెట్టేస్తారట, పని తేలికని. ఈవిడ తగలబెట్టదు.

బోదెకూ బోదెకూ 90 సెంటీమీటర్లు. లెక్క వేసి చూశాను: ఎకరానికి దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల బోదె. ఆవిడా, కూతురూ రెండు ఖాసులతో లాగాల్సిన మట్టి అది. మా నాన్న అరక కట్టి పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నానికి అరెకరం దున్నేసేవాడు, అయినా అలసిపోయానని పడుకునేవాడు.

వాన పడగానే 90 సెంటీమీటర్లకో కుదురు చొప్పున గుంట తీసి, మూడేసి గింజలు వేసి పాదంతో మట్టి కప్పుతుందట. ఇక్కడ నాకు నోరు ఊరుకోలేదు. 75 సెంటీమీటర్ల బోదెల మీద 25 సెంటీమీటర్లకు ఒక్కో గింజ పెట్టమనే కదా మీ వ్యవసాయ శాఖ చెప్పేది? అలాగైతే ఎకరానికి 21 వేలకు పైగా మొక్కలు వస్తాయి, మీ పద్ధతిలో 15 వేలే కదా అన్నాను.

ఆవిడ ఖాసు ఆనించి నిలబడింది. ఆవిడ అన్న మాటలు టీచరు నాకు చెబుతూ పోయాడు: "మొలిచాక పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే, ఎండిన చోట మళ్ళీ పెట్టడానికి గింజలేవి? అప్పటికి ఇంట్లోవి తినేస్తాం." తర్వాత ఆవిడ కుదుళ్ళ మధ్య ఖాళీ చూపించి "నందోలో" అంది. కంది! గుమ్మడి కూడా అక్కడే పాకుతుంది. మొక్కజొన్న విరిచాక కంది నిలబడుతుంది, కోశాక కంపే పొయ్యిలోకి. నేను ఖాళీ అనుకున్నది ఆవిడకు రెండో పంట. నా లెక్కలో అది లేనే లేదు.

ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ బాధగా ఉంది. ఏటా ఖాసు అంతే లోతుకు దిగి దిగి, అడుగున మట్టి గట్టిబడిపోయింది. ఆవిడ అక్కడ కొట్టి వినిపించింది. పైన మెత్తగా దిగిన రేకు ఒక్క జానెడు లోపల ఠంగుమంది. వేరు దిగేదెలా? బోదెలు మానేసి, చొప్ప పరిచి, కర్రతో గుంట పొడిచి నాటేవాళ్ళూ ఉన్నారట. "పరిచిన చొప్ప చెదలు తింటాయి, మిగిలింది ఊరి మేకలు తింటాయి. కాపలా ఎవరుంటారు?" అంది.

టైరు వచ్చింది, హారన్ కొట్టారు. జోంబా దాకా కిటికీలోంచి బోదెలే చూస్తూ కూర్చున్నాను.