ద్విపద సంచిత సంభావ్యత: కూడిక నిర్దోషి

నాణేన్ని నూరుసార్లు ఎగరేస్తే 90 లేదా అంతకన్నా ఎక్కువసార్లు బొమ్మ పడే సంభావ్యత సుమారు 1.53 × 10⁻¹⁷. మామూలుగా రాసే కోడ్ 0 నుంచి 89 వరకు ఒక్కో సంఖ్యలో బొమ్మలు పడే సంభావ్యతలన్నిటినీ (వీటినే పదాలు అందాం) కూడి, సంచిత సంభావ్యత అనే ఆ మొత్తాన్ని 1 లోంచి తీసివేస్తుంది. అప్పుడు వచ్చే జవాబు సున్నా కావచ్చు, లేదా 10⁻¹⁶ ప్రాంతంలో ఏ అర్థమూ లేని ఒక సంఖ్య, ఒక్కోసారి రుణసంఖ్య కూడా కావచ్చు. కంప్యూటర్ దశాంశ సంఖ్యలను మామూలుగా దాచే డబుల్ రకపు సంఖ్యకు ఉన్నది 53 బిట్ల ఖచ్చితత్వమే కనుక, 1కి సరిగ్గా కిందనున్న సంఖ్యకూ 1కీ మధ్య ఎడం 1.1 × 10⁻¹⁶ ఉంటుంది. మనకు కావలసిన విలువ ఆ ఎడంలోనే మాయమైపోతుంది.

ఇలాంటి సందర్భాల్లో చాలామంది కూడికను అనుమానించి, పదాలను చిన్నవాటి నుంచి పెద్దవాటికి పేర్చడం మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు గానీ, ధనసంఖ్యల కూడిక సాధారణంగా ఇబ్బంది పెట్టదు. చెడగొట్టేది చివరి తీసివేత. కుడితోక, అంటే పెద్ద సంఖ్యలవైపు సంభావ్యత, కావాలంటే కుడితోకనే నేరుగా అడగాలి: గణాంక భాష ఆర్‌లో సంచిత సంభావ్యతనిచ్చే పీబైనామ్ ఫంక్షన్‌కు లోయర్ టెయిల్ (ఎడమతోక) వద్దని చెప్పాలి, పైథాన్ గణిత లైబ్రరీ సైపైలోనైతే ఎడమతోకనిచ్చే సీడీఎఫ్‌కు బదులు కుడితోకనిచ్చే ఎస్ఎఫ్ పిలవాలి. రెండు చోట్లా ఇవ్వవలసినది 90 కాదు, 89. ఎందుకంటే అవి లెక్కించేది ఇచ్చిన సంఖ్యను మించే సంభావ్యతను మాత్రమే.

పదాలను లెక్కించడం అంతకన్నా చిక్కు. పదం సూత్రంలో ఫ్యాక్టోరియల్స్ (1 నుంచి ఆ సంఖ్య వరకు అన్నిటి లబ్ధాలు) ఉంటాయి. 171 ఫ్యాక్టోరియల్ డబుల్‌లో పట్టదని అందరికీ తెలుసు కాబట్టి, మొదటి పదంతో మొదలుపెట్టి, పక్కపక్క పదాల నిష్పత్తితో గుణించుకుంటూ పోయే పద్ధతిని ఎంచుకుంటారు. ప్రయత్నాలు 1100, సంభావ్యత 0.5 అనుకుంటే, మొదటి పదమైన 0.5¹¹⁰⁰ సున్నాగా మారిపోతుంది, దాంతో తరువాతి పదాలన్నీ సున్నాలే అవుతాయి, ఏ హెచ్చరికా రాదు. అన్నిటికన్నా పెద్దదైన 550వ పదం దగ్గర మొదలుపెట్టి రెండువైపులా నడిస్తే, అంచుల్లో సున్నా అయ్యే పదాల వల్ల మొత్తానికి నష్టం ఉండదు.

ఆ పెద్ద పదాన్ని, ఫ్యాక్టోరియల్‌కు బదులు దాని సంవర్గమానాన్నిచ్చే లాగ్ గామా ఫంక్షన్‌తో లెక్కించడం అందరికీ అలవాటే, కానీ దానికీ ఒక ధర ఉంది. ప్రయత్నాలు 10 లక్షలైతే ఫ్యాక్టోరియల్ సంవర్గమానం సుమారు 1 కోటి 28 లక్షలు. ఆ స్థాయిలో పక్కపక్క డబుల్ సంఖ్యల ఎడం 1.9 × 10⁻⁹. అలాంటి పెద్ద సంఖ్యలను ఒకదానిలోంచి ఒకటి తీసివేసి ఘాతానికి ఎత్తితే, పదహారు అంకెల్లో ఎనిమిదో తొమ్మిదో మాత్రమే నమ్మదగినవిగా మిగులుతాయి. కేథరిన్ లోడర్ 2000లో ఇచ్చిన పద్ధతి ఈ పెద్ద సంఖ్యల తీసివేతనే తప్పిస్తుంది: ఫ్యాక్టోరియల్‌ను ఉజ్జాయింపుగా ఇచ్చే స్టిర్లింగ్ సూత్రంలోని చిన్న శేషాన్నీ, సగటు నుంచి ఉన్న దూరాన్నీ విడివిడిగా లెక్కిస్తుంది. ఆర్‌లో ఒక్కో పదాన్నిచ్చే డీబైనామ్ ఫంక్షన్ వాడేది దీన్నే. పీబైనామ్ మాత్రం పదాలను కూడకుండా అదే మొత్తాన్ని నేరుగా ఇచ్చే అసంపూర్ణ బీటా ఫంక్షన్ ద్వారా, డిడొనాటో, మోరిస్ 1992లో ప్రచురించిన అల్గారిథమ్‌తో పని ముగిస్తుంది.

సంభావ్యత మరీ చిన్నదైతే ఇంకో మెలిక ఉంది. ఒక్కో ప్రయత్నంలో దోషం వచ్చే అవకాశం 10⁻¹⁷, ప్రయత్నాలు 100 కోట్లు అనుకుంటే, కనీసం ఒక్క దోషమైనా వచ్చే సంభావ్యత దాదాపు 10⁻⁸. కోడ్‌లో 1 లోంచి 10⁻¹⁷ తీసివేస్తే 1 అలాగే ఉండిపోతుంది కనుక జవాబు సున్నా అవుతుంది. log(1+x)ను నేరుగా లెక్కించే లాగ్‌వన్‌పీ, eˣ−1ను నేరుగా లెక్కించే ఎక్స్‌పీఎమ్‌వన్ అనే రెండు ఫంక్షన్లూ ఇలాంటి చోట్ల కోసమే ఉన్నాయి.

సరిచూసుకోవడానికి పైథాన్ పూర్ణాంకాలు చాలు, వాటికి పరిమితి లేదు. నాణెం లెక్కలో 90 నుంచి 100 వరకు ఉన్న పదకొండు సంయోగాలను పూర్ణాంకాలుగానే కూడి, చివర్లో ఒక్కసారి 2¹⁰⁰తో భాగిస్తే చాలు.