బాంబుకు దండం పెట్టే సినిమా

నిన్న రాత్రి 'బినీత్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' (1970) చూశాను. ఇంకా తేరుకోలేదు. 1968 నాటి మొదటి భాగం ఊపులో కూర్చుంటే సగం దాకా అదే కథ మళ్లీ: ఇంకో వ్యోమగామి, ఇంకో కూలిన నౌక, మనుషుల్ని ఏలే అవే కోతులు. మొదటి భాగం హీరో చార్ల్‌టన్ హెస్టన్‌కి అసలు ఈ సీక్వెల్ చేయడమే ఇష్టం లేదు, కాసేపే కనిపిస్తాడు. ఆ లోటు బాగా తెలుస్తుంది.

కానీ భూమి అడుగున న్యూయార్క్ శిథిలాల్లోకి దిగాక సినిమాకు పిచ్చెక్కుతుంది. మంచి పిచ్చే. అక్కడి మనుషులు చర్చిలో అణుబాంబును నిలబెట్టి దానికి కీర్తనలు పాడతారు. పాడుతూనే ముఖాల మీది తొడుగులు ఒలిచేస్తారు, లోపలంతా చర్మం లేని నరాలు. అయినా నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ ముఖాలు కాదు, ఆ పాటే. ఎంత భక్తిగా పాడతారో!

ముగింపు చెప్పేస్తున్నా, యాభై ఏళ్లు దాటిన సినిమాకు స్పాయిలర్ ఏంటి? చచ్చిపోతూ హెస్టనే బాంబు పేల్చేస్తాడు. తెర తెల్లబడుతుంది, ఈ గ్రహం చచ్చిపోయిందని ఒక గొంతు చెబుతుంది. అంతే, అయిపోయింది. దీనికి అమెరికాలో పిల్లలు కూడా చూడొచ్చని జీ రేటింగ్ ఇచ్చారు! భూమినే పేల్చేశాక కూడా ఆగారా అంటే, మరుసటి ఏడాదే మూడో భాగం వదిలారు.