బ్యూటీ ఫిల్టర్ తీసేస్తేనే బొమ్మ వస్తుంది

మా తొమ్మిదో క్లాస్ పిల్లలకి డ్రాయింగ్ పీరియడ్లో ఇప్పుడు నడుస్తున్న పని ఏంటంటే, ఎవరి ఫొటో వాళ్ళు తీసుకుని దాన్ని నాలుగే నాలుగు రంగుల్లో పెద్ద పెయింటింగ్ చెయ్యడం. 2008 అమెరికా ఎలక్షన్లప్పుడు షెపర్డ్ ఫెయిరీ అనే ఆర్టిస్ట్ చేసిన ఒబామా పోస్టర్ చూసే ఉంటారు, ఎరుపు, నీలాలు, లేత గోధుమ రంగు, అంతే, మనిషి మాత్రం అచ్చం ఒబామానే. అలాంటిది అన్నమాట. ఆ పోస్టర్‌కి ఆధారం వేరేవాళ్ళు తీసిన ఫొటో కావడంతో ఒక న్యూస్ ఏజెన్సీతో గొడవై కోర్టు దాకా వెళ్ళి, 2011లో గానీ రాజీ కుదరలేదు. అందుకే మా క్లాస్‌లో హీరోల ఫొటోలు డౌన్‌లోడ్ చేసుకోవడం లేదు.

అసలు సగం పాఠం ఫొటో దగ్గరే ఉంది. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ ఆన్‌లోనే ఉంటుంది, మొహం తెల్లగా నున్నగా వచ్చేస్తుంది, పిల్లలకేమో అదే ఇష్టం. దాన్ని గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ చేసి పోస్టరైజ్ అనే కమాండ్ కొడితే ముక్కుండదు, చెంపుండదు, తెల్లటి మచ్చ మధ్యలో రెండు కళ్ళూ ఒక నోరూ. ఎందుకంటే ఆ కమాండ్ చేసేది ఒక్కటే పని, నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లున్న వెలుగునీడల్ని మనం చెప్పినన్ని మెట్లకి తగ్గించడం, నీడే లేని ఫొటోలో అది మాత్రం ఏం తగ్గిస్తుంది చెప్పండి. అదే పిల్లల్ని కిటికీ పక్కన నిలబెట్టి, ట్యూబ్‌లైట్ ఆపేసి, ఫిల్టర్ తీసేసి క్లిక్ చేస్తే ముక్కు పక్కన నీడ, కనుబొమ్మ కింద నీడ, దవడ కింద నీడ, దేని షేప్ దానికి విడిగా వచ్చేస్తుంది.

"నేను నల్లగా ఉంటాను టీచర్, నాది బాగా రాదు" అంది ఒకమ్మాయి. పద్నాలుగేళ్ళ పిల్ల నోట్లోంచి ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ అమ్మాయి ఫొటోనే ముందు స్క్రీన్ మీద పెట్టాను. చెంప ఎముక మీద వెలుగు పడి మెరుస్తోంది చూడండి, ముదురు చర్మం మీద ఆ మెరుపు ఎంత తేటగా విడిపోతుందో! నాలుగు మెట్లు పెట్టగానే నాలుగూ చక్కగా దొరికాయి, అందరికంటే తక్కువ సవరణలు పడ్డ ఫొటో అదే.

ఇంకోటి, పోస్టరైజ్ చేసే ముందు ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చెయ్యాలి. రంగుల్లోనే చేస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానెళ్ళకీ విడివిడిగా నాలుగేసి మెట్లు పడి 64 రంగుల దాకా పోతుంది, అది పిల్లలు వేసే పనా? ముందు కాస్త బ్లర్ కూడా ఇస్తే జుట్టులో చిల్లర చుక్కలు పోతాయి. అయినా కొన్ని మిగులుతాయి, వాటిలో ఏది ఉంచాలి ఏది తీసేయాలి అన్నది మాత్రం పిల్లలే తేల్చుకోవాలి, కంప్యూటర్ ఆ పని చెయ్యదు. కంట్లో మెరిసే చుక్క ఎంత చిన్నదైనా ఉంచాల్సిందే, పళ్ళ మధ్య గీతలు మాత్రం ఒక్కటి కూడా వద్దు, అవి గీశారంటే ఆ మొహానికి వయసు మీద పడిపోతుంది.

ఆ తర్వాత ఏ4 ప్రింటవుట్ మీద 2 సెంటీమీటర్ల గళ్ళు, పొడవూ వెడల్పూ దానికి రెండింతలుండే ఏ2 షీట్ మీద 4 సెంటీమీటర్ల గళ్ళు. సినిమా బ్యానర్లు చేత్తో వేసే రోజుల్లో స్టిల్ ఫొటో మీద గళ్ళు గీసుకుని ఇలాగే పెంచేవాళ్ళు. చేర్యాల బొమ్మలు కూడా చూపించాను, ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్, షేడింగ్ లేని రంగులు, నల్ల గీత. గోడ మీద దూరం నుంచి కూడా కనబడే బొమ్మ ఎలా ఉండాలో వాళ్ళకి వెంటనే తెలిసింది.

రంగుల విషయంలో ఒక్కటే రూల్, ముదురు లేత వరుస తప్పకూడదు. మొహం మొహం రంగులోనే ఉండక్కర్లేదు, ఊదా, ఎరుపు, నారింజ, పసుపు వరుసగా పెట్టినా మనిషి మనిషిలాగే కనిపిస్తాడు. నేను నల్లగా ఉంటాను అన్న పిల్ల నీడలకి ముదురు ఊదా, మెరుపుకి పసుపు తీసుకుంది, బాబోయ్, బెంచీల చివరి నుంచి చూసినా తనే! వరుస కుదిరిందో లేదో అనుమానమొస్తే పెయింటింగ్‌ని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీసి చూసుకోవడమే. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన వేసిన కుర్రాడికి ఆ ఫొటోలో రెండూ కలిసిపోయి ముక్కే మాయమైంది, వాడే వెళ్ళి ఆకుపచ్చలో తెలుపు కలుపుకొచ్చాడు.

పోస్టర్ కలర్స్ చవకే గానీ రెండో కోటు వేస్తుంటే కింద రంగు తడికి లేచి వచ్చేస్తుంది, కుదిరితే అక్రిలిక్ కొనండి, ఆరాక కదలదు. ఒక మెట్టుకి కావలసిన రంగంతా ఒకేసారి కలిపి మూతున్న డబ్బాలో పెట్టుకోవాలి, సగంలో అయిపోతే మళ్ళీ అదే షేడ్ రాదు. లేతవి ముందు, నలుపు ఆఖర్న.

వచ్చేసారికి అమ్మమ్మలు, తాతయ్యల ఫొటోలు తీసుకురమ్మన్నాను, వాళ్ళనీ కిటికీ పక్కనే కూర్చోబెట్టి తియ్యాలి అని చెప్పి పంపాను. ముడతలున్న మొహాలకి నాలుగు మెట్లు చాలవేమో, ఐదు పెట్టి చూడాలి.